ఉద్యోగంలో వివక్ష ఎదురైతే: ఏ చట్టం అండగా ఉంది, ఏ తలుపు ఎప్పుడు తట్టాలి

భారతదేశంలో ఉద్యోగ వివక్ష మొత్తాన్నీ నిషేధించే సమగ్ర చట్టమంటూ ఒక్కటి లేదు. రాజ్యాంగంలో కొంత, కార్మిక చట్టాల్లో కొంత, దివ్యాంగులకూ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ హెచ్ఐవీతో జీవిస్తున్నవారికీ విడివిడిగా చేసిన చట్టాల్లో కొంత, ఇలా రక్షణలు చెల్లాచెదురుగా ఉన్నాయి. అన్యాయం జరిగిందని తెలిసినా ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక చాలామంది నెలల తరబడి మథనపడతారు. ఈలోగా ఫిర్యాదు గడువు దాటిపోతుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. న్యాయం తమవైపు ఉన్నా, తేదీ తమవైపు లేక ఓడిపోయేవాళ్లు ఉంటారు. అందుకే కింద చెప్పే అడుగుల్లో గడువులు ఎక్కడ వచ్చినా ఆగి, మీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

మొదటి అడుగు: జరిగినదానికి సరైన పేరు పెట్టండి

మేనేజరు టీమ్ మొత్తం మీద అరుస్తూ, ఎవరికీ సెలవులివ్వకుండా వేధిస్తుంటే అది దుర్మార్గమే. కానీ చట్టం దృష్టిలో అది వివక్ష కాకపోవచ్చు. అదే మేనేజరు, మీరు గర్భవతినని చెప్పిన వారానికే మీ ఒక్కరి ప్రాజెక్టు లాక్కుంటే లెక్క మారుతుంది. వివక్ష అని నిలబెట్టాలంటే మీకు కలిగిన నష్టం, మీలాంటి పనే చేస్తూ ఆ నష్టం కలగని మరో ఉద్యోగి, మీ ఇద్దరి మధ్య ఉన్న తేడా, ఈ మూడూ కనబడాలి. ఆ తేడా ఆడా మగా అన్నదా, కులమా, వైకల్యమా, ఆరోగ్య స్థితా, లైంగిక గుర్తింపా? దాన్ని బట్టే వర్తించే చట్టం మారుతుంది.

ఒక కాగితం తీసుకుని ఒకే ఒక్క వాక్యం రాయండి: “ఫలానా తేదీన నాకు ఇది జరిగింది, నాతో సమానంగా పనిచేసే వారికి జరగలేదు, దానికి కారణం ఇదని నేను నమ్ముతున్నాను.” ఈ వాక్యం సూటిగా రాయగలిగితే సగం పని అయినట్టే. రాయలేకపోతే మీకు అన్యాయం జరగలేదని అర్థం కాదు, ఇంకొంత సమాచారం కావాలని అర్థం.

నియమం అందరికీ ఒకటే అయినా వివక్ష ఉండవచ్చు. వీల్‌చెయిర్ వాడే ఉద్యోగికి మెట్లెక్కి మాత్రమే వెళ్లగలిగే శిక్షణ గది కేటాయించి, “అందరికీ అదే గది” అంటే సరిపోదు. దివ్యాంగుల చట్టం ఈ విషయాన్ని స్పష్టంగా గుర్తించింది. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

రెండో అడుగు: మీ యజమాని ప్రభుత్వమా, ప్రైవేటా?

ప్రభుత్వ శాఖలో గానీ ప్రభుత్వ రంగ సంస్థలో గానీ పనిచేస్తుంటే రాజ్యాంగమే మీ మొదటి ఆయుధం. 14వ అధికరణ సమానత్వాన్ని ఇస్తుంది. 16వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగాల్లో మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం కారణంగా వివక్ష చూపకూడదంటుంది. “మా సర్వీసు రూల్సు ఇంతే” అన్న జవాబు విని వెనక్కి వచ్చేయకండి. ఎయిర్ హోస్టెస్ మొదటిసారి గర్భం దాలిస్తే ఉద్యోగం పోతుందని ఎయిర్ ఇండియాలో ఒకప్పుడు రాతపూర్వక నియమమే ఉండేది. 1981లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రూల్స్ పుస్తకంలో అచ్చయినంత మాత్రాన ఏదీ రాజ్యాంగబద్ధం అయిపోదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు సర్వీసు వివాదాలకు ముందుగా కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌కు, అంటే అందరూ క్యాట్ అని పిలిచే దానికి వెళ్లాలి. హైదరాబాద్‌లో దాని బెంచ్ ఉంది. తుది ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోపు దరఖాస్తు వేయాలి. మీరిచ్చిన వినతిపత్రానికి ఆరు నెలల్లో జవాబు రాకపోతే, ఆ ఆరు నెలలు ముగిసిన దగ్గర్నుంచి ఏడాది లెక్క మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ఉద్యోగులకు ఇప్పుడు పరిపాలనా ట్రిబ్యునల్ లేదు కాబట్టి 226వ అధికరణ కింద నేరుగా హైకోర్టుకే వెళ్తారు. ప్రభుత్వ ఉద్యోగులకు మరో సౌకర్యం సమాచార హక్కు చట్టం. సీనియారిటీ జాబితా, పదోన్నతి కమిటీ కాగితాలు, మీ ఫైలు మీద రాసిన నోట్సు అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ప్రైవేటు ఉద్యోగులకు ఈ దారి సూటిగా తెరుచుకోదు. 16వ అధికరణ ప్రైవేటు కంపెనీకి వర్తించదు. మతం, ప్రాంతం, భాష, వయసు కారణంగా ఒక ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూ దశలోనే మిమ్మల్ని పక్కన పెడితే, దాన్ని సూటిగా పట్టుకునే సాధారణ కేంద్ర చట్టం లేదు. ఇది మన చట్టాల్లో పెద్ద ఖాళీ. దీన్ని పూడ్చమని అడగాల్సిన బాధ్యత మనందరిదీ. అయితే ప్రైవేటు యజమానిని కూడా కట్టిపడేసే చట్టాలు కొన్ని ఉన్నాయి. ఎక్కువమందికి తెలియనివి అవే.

మూడో అడుగు: మీ కారణానికి తగిన చట్టం వెతకండి

జీతంలో, నియామకంలో ఆడ మగ తేడా చూపితే. పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. 1976 నాటి సమాన వేతన చట్టం ఇప్పుడు వేతనాల కోడ్, 2019లో కలిసిపోయింది. ఆ కోడ్ మూడో సెక్షన్ ప్రకారం ఒకే పని లేదా ఒకే తరహా పని చేసేవారికి లింగం కారణంగా వేతనంలో తేడా చూపకూడదు. నియామకంలోనూ చూపకూడదు. తేడా సరిచేసే పేరుతో ఎక్కువ ఉన్నవారి జీతం తగ్గించడమూ కుదరదు. ఈ కోడ్ “ఉద్యోగి” అన్న మాటను విశాలంగా వాడింది, మేనేజర్లు కూడా అందులోకి వస్తారు. ఐటీ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు “మేం కార్మికులం కాదు కదా” అని వదిలేయకండి.

“ఒకే తరహా పని” అంటే హోదా పేరు ఒకటే కావాలని కాదు. నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత సమానంగా ఉన్నాయా అన్నదే చూస్తారు. 1987లో మెకినన్ మెకంజీ కేసులో మహిళా స్టెనోగ్రాఫర్లకు పురుష స్టెనోగ్రాఫర్ల కంటే తక్కువ ఇస్తున్న కంపెనీ, యూనియన్‌తో ఒప్పందం చేసుకునే అలా ఇస్తున్నామంది, ఆర్థిక ఇబ్బందులనూ చూపించింది. సుప్రీంకోర్టు రెండింటినీ ఒప్పుకోలేదు. మీ యజమాని కూడా ఈ రెండు సాకుల్లో ఒకటి చెబుతుంటే ఈ తీర్పు గుర్తుంచుకోండి. వేతన క్లెయిముకు కోడ్ మూడేళ్ల గడువు ఇచ్చింది.

గర్భం, ప్రసూతి. పాత ప్రసూతి ప్రయోజనాల చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్, 2020లో భాగం. మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు, ఇప్పటికే ఇద్దరు ఉంటే 12 వారాలు. ప్రసవానికి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. ఈ సెలవులో ఉండగా ఉద్యోగంలోంచి తీసేయడం గానీ, సర్వీసు షరతులు నష్టం కలిగేలా మార్చడం గానీ చట్టవిరుద్ధం. కాంట్రాక్టు ఉద్యోగిననో, రోజుకూలీననో వెనకాడేవారు రెండు తీర్పులు తెలుసుకోవాలి. 2000 సంవత్సరంలో ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ (రోజుకూలీల హాజరు పట్టీ) మీద పనిచేసే మహిళలకు ప్రసూతి ప్రయోజనాలు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టు కాలం మధ్యలో ముగిసిపోయినా అర్హత వచ్చిన ప్రయోజనం ఆగదని 2023లో చెప్పింది. “మీ కాంట్రాక్టు వచ్చే నెలతో అయిపోతుంది, సెలవు అప్పటివరకే” అన్న లెటర్ చేతికొస్తే దాన్ని చించేయకండి, అది మీ సాక్ష్యం.

లైంగిక వేధింపులు. ఇవి కూడా వివక్షే. ‘విశాఖ’ అనే మహిళా సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వీటిని మహిళల సమానత్వ హక్కు ఉల్లంఘనగానే చూసింది. ఆ తీర్పు నుంచి పుట్టిన 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి మహిళే అధ్యక్షురాలిగా ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, ఒకరు బయటి సభ్యులు. పదిమంది కంటే తక్కువ ఉన్నచోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. ఇక్కడ గడువు చాలా తక్కువ. చివరి ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించగలదు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. విచారణ నడుస్తుండగా మీకు గానీ ఎదుటివారికి గానీ బదిలీ, లేదా మీకు మూడు నెలల వరకు సెలవు అడిగే హక్కు ఉంది. వేధించిన వ్యక్తే మీ అప్రైజల్ రాసేవాడైతే, ఆ బాధ్యత వేరొకరికి ఇవ్వమని మొదటి రోజే అడగండి.

వైకల్యం. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 మొత్తం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. అవసరమైన సర్దుబాటు చేయడానికి నిరాకరించడాన్ని కూడా ఇది వివక్షగానే నిర్వచించింది. స్క్రీన్ రీడర్, ర్యాంపు, పని వేళల్లో మార్పు లాంటివి యజమానికి మోయలేని భారం కానంత వరకు ఇవ్వాల్సినవే. ప్రైవేటు సంస్థలతో సహా ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. మీ కంపెనీ పాలసీ కాపీ అడగండి. లేదంటే ఆ లేకపోవడమే మీ ఫిర్యాదులో ఒక అంశం అవుతుంది. ప్రభుత్వ సంస్థల్లో ఉద్యోగం చేస్తుండగా వైకల్యం వచ్చినవారిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. చేసే పనికి సరిపోకపోతే అదే జీతంతో మరో పోస్టుకు మార్చాలి. వర్ణాంధత్వం ఉందని వైద్య కారణాలతో ఇంటికి పంపేసిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ విషయంలో 2025లో సుప్రీంకోర్టు తగిన మరో పోస్టు ఇవ్వాలని ఆదేశించింది. ప్రత్యామ్నాయ పని కోసం నిజంగా వెతకకుండా ఉద్యోగిని పంపేయడం కుదరదన్నది అందులోని సారం. అంతర్గతంగా న్యాయం దొరక్కపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ న్యాయవాది లేకుండానే మీరే మాట్లాడుకోవచ్చు.

కులం. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగిని కులం పేరుతో నలుగురిలో దూషిస్తే, కావాలని అవమానిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద అది క్రిమినల్ నేరం, ప్రైవేటు ఆఫీసులోనైనా సరే. ఎదుటి వ్యక్తి ఎస్సీ, ఎస్టీ కాకూడదన్నది షరతు. “ప్రజల కంట పడే చోట” అన్న మాట ఇక్కడ కీలకం. తలుపు మూసిన గదిలో మూడో మనిషి లేకుండా జరిగితే ఈ సెక్షన్లు నిలబడవని 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో వివరించింది. కాబట్టి అక్కడ ఎవరెవరు ఉన్నారో అదే రోజు రాసిపెట్టుకోండి. పోలీసులు ముందస్తు విచారణ పేరుతో ఎఫ్ఐఆర్‌ను వాయిదా వేయకూడదని 2018 సవరణ చెబుతోంది. స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదును రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి పంపండి. ప్రభుత్వ ఉద్యోగులు పదోన్నతి, బదిలీల్లో వివక్షపై జాతీయ ఎస్సీ, ఎస్టీ కమిషన్లకు కూడా రాయవచ్చు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, హెచ్ఐవీతో జీవిస్తున్నవారు. 2019 చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం ఏ సంస్థా నియామకంలో గానీ పదోన్నతిలో గానీ ట్రాన్స్‌జెండర్ వ్యక్తి పట్ల వివక్ష చూపకూడదు. ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. హెచ్ఐవీ ఎయిడ్స్ చట్టం, 2017 అయితే ఉద్యోగం ఇవ్వడానికి హెచ్ఐవీ పరీక్ష షరతుగా పెట్టడాన్నే నిషేధించింది. మీ స్థితిని మీ అనుమతి లేకుండా బయటపెట్టడం కూడా తప్పే. ప్రీ-ఎంప్లాయ్‌మెంట్ మెడికల్‌లో ఈ పరీక్ష కనిపిస్తే ఎందుకని అడిగే హక్కు మీకుంది.

పై వాటిలో ఏదీ సరిపోకుండా ఉద్యోగం మాత్రం పోయిందా? అప్పుడు కూడా దారి మూసుకుపోలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో అమల్లో ఉన్న 1988 నాటి షాపులు, సంస్థల చట్టం 47వ సెక్షన్, కనీసం ఆరు నెలలు నిరంతరంగా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా, నెల నోటీసు లేదా దానికి బదులు జీతం లేకుండా తీసేయడాన్ని అడ్డుకుంటుంది. ఆ చట్టం మీ సంస్థకు వర్తిస్తుందో లేదో ముందు లేబర్ ఆఫీసులో కనుక్కోండి.

నాలుగో అడుగు: సాక్ష్యం, ఈ రోజు నుంచే

వివక్ష చూపేవారు దాన్ని కాగితం మీద రాయరు. అందుకే అది చుట్టూ ఉన్న చిన్న చిన్న వాటిలోంచి బయటపడాలి. తేదీ, సమయం, చోటు, అన్న మాటలు అన్నవి అన్నట్టుగా, ఉన్న మనుషులు, ఇవన్నీ అదే రోజు ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఆరు నెలల తర్వాత గుర్తు తెచ్చుకుని రాసిన పది పేజీల కంటే అదే రాత్రి రాసిన నాలుగు లైన్లకు ఎక్కువ విలువ ఉంటుంది.

మౌఖికంగా చెప్పినవాటిని రాతలోకి లాగండి. “పెళ్లి కుదిరింది కదా, ఆన్‌సైట్ వేరేవాళ్లకి ఇద్దాం” అని మీటింగ్‌లో అంటే, సాయంత్రం మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి: “ఈ రోజు మన సంభాషణలో నా వివాహం కారణంగా ఆన్‌సైట్ అవకాశం మరొకరికి ఇస్తున్నట్టు మీరు చెప్పారు. నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా?” కాదంటే వాళ్లు కాదని రాయాలి. జవాబు రాకపోయినా మీ మెయిల్ మిగులుతుంది.

ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, పాత అప్రైజల్స్, మెచ్చుకుంటూ వచ్చిన మెయిల్స్ మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి. “పనితీరు బాగాలేదు” అన్న వాదన రాబోతోందంటే వాటినే ముందు అడుగుతారు. కానీ కంపెనీ రహస్య ఫైళ్లు, కస్టమర్ డేటా, సహోద్యోగుల జీతాల షీట్లు మీ సొంత మెయిల్‌కి పంపుకోకండి. దాన్ని చూపించి మిమ్మల్నే దుష్ప్రవర్తన పేరుతో తీసేసే అవకాశం వాళ్ల చేతికి ఇచ్చినట్టవుతుంది. అలాంటి పత్రం ఉందని, ఎక్కడ ఉందో రాసుకుంటే చాలు, విచారణలో తెప్పించమని కోరవచ్చు.

వాట్సాప్ మెసేజ్‌లు, రికార్డింగులు ఉంటే అవి వచ్చిన ఫోన్‌ను మార్చకండి, ఫార్మాట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలి. అసలు పరికరం ఉంటే ఆ పని తేలిక. కేవలం స్క్రీన్‌షాట్లు మిగిలితే ఎదుటివారు మొదట వేలెత్తి చూపేది దాన్నే.

ఐదో అడుగు: రాతపూర్వక ఫిర్యాదు

హెచ్ఆర్‌తో టీ తాగుతూ చెప్పుకున్న బాధ ఫిర్యాదు కిందికి రాదు. కాగితం మీద పెట్టండి. కోపం ఎంత న్యాయమైనదైనా ఫిర్యాదులో తిట్లు, అనుమానాలు వద్దు. జరిగినవి మాత్రమే, తేదీల వరుసలో. ఒక నమూనా:

“నేను 2022 జూన్ నుంచి ఈ సంస్థలో సీనియర్ అనలిస్టుగా పనిచేస్తున్నాను. మార్చి 4న నా గర్భం విషయం మేనేజరుకు తెలియజేశాను. మార్చి 11న నన్ను ప్రాజెక్టు నుంచి తప్పించారు. కారణం అడిగితే ‘ఇకపై నువ్వు ఎక్కువ పనిచేయలేవు’ అన్నారు. ఆ సమయంలో మరో ఇద్దరు సహోద్యోగులు ఉన్నారు. అదే స్థాయిలో ఉన్న మిగతావారెవరినీ తప్పించలేదు. ఇది గర్భం కారణంగా చూపిన వివక్ష అని నేను భావిస్తున్నాను. నన్ను తిరిగి ఆ ప్రాజెక్టులోకి తీసుకోవాలని, ఈ ఏడాది అప్రైజల్‌ను మరో అధికారికి అప్పగించాలని కోరుతున్నాను. పదిహేను రోజుల్లో రాతపూర్వక జవాబు ఇవ్వగలరు.”

చివర్లో మీకేం కావాలో కచ్చితంగా రాయండి. “న్యాయం చేయండి” అంటే ఎవరూ ఏమీ చేయనక్కర్లేకుండా పోతుంది. మెయిల్‌తో పాటు కాగితం కూడా ఇచ్చి, కాపీ మీద తేదీ, సంతకం, ముద్ర తీసుకోండి. తీసుకోం అంటే రిజిస్టర్డ్ పోస్టు చేసి రసీదు దాచండి.

20 మంది లేదా ఎక్కువ కార్మికులున్న సంస్థల్లో పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. కార్మికుల నిర్వచనంలోకి వచ్చేవారు ఏడాదిలోపు అక్కడ దరఖాస్తు ఇవ్వవచ్చు.

ఆరో అడుగు: బయటి తలుపులు

జవాబు రాకపోతే, లేదా కంటితుడుపుగా వస్తే బయటికి వెళ్లండి. జీతం, ప్రసూతి, తొలగింపు విషయాల్లో రాష్ట్ర కార్మిక శాఖ అధికారులు. బ్యాంకులు, రైల్వేలు, గనులు లాంటి చోట్ల కేంద్ర లేబర్ కమిషనర్ కార్యాలయం. లైంగిక వేధింపులకు కమిటీతో పాటు పోలీసు ఫిర్యాదు కూడా విడిగా ఇవ్వవచ్చు, ఒకటి ఇస్తే మరొకటి పోదు. ఆన్‌లైన్‌లో ఇవ్వాలనుకుంటే కేంద్రం నడిపే షీ-బాక్స్ పోర్టల్ ఉంది.

ఏడో అడుగు: రాజీనామా ఉచ్చులో పడకండి

దీని గురించి కాస్త గట్టిగానే చెబుతాను. ఫిర్యాదు చేసిన ఉద్యోగిని కంపెనీలు తరచూ నేరుగా తీసేయవు. ఒక సాయంత్రం చిన్న గదిలోకి పిలిచి, “ఇప్పుడే రాజీనామా ఇస్తే మంచి రిలీవింగ్ లెటర్ ఇస్తాం, లేకపోతే టర్మినేషన్ అని రికార్డవుతుంది” అంటారు. ఎదురుగా ముగ్గురు, మీరు ఒక్కరు. ఆ గదిలో సంతకం పెట్టకండి. “ఇంట్లో చదివి రేపు చెబుతాను” అని లేచి వచ్చేయండి. మీరు స్వచ్ఛందంగా వెళ్లిపోయారన్న ఒక్క కాగితం వల్ల అక్రమ తొలగింపు కేసు బాగా బలహీనపడుతుంది. ఇప్పటికే బలవంతంగా రాయించుకుని ఉంటే, ఆ రోజే, కనీసం మర్నాడే, ఏ పరిస్థితిలో రాశారో వివరిస్తూ దాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు మెయిల్ పెట్టండి.

సెటిల్‌మెంట్ పత్రంలో “ఇకపై సంస్థపై ఎలాంటి క్లెయిములూ లేవు” అన్న వాక్యం ఉంటుంది. డబ్బు మీ హక్కే కాబట్టి తీసుకోండి, కానీ సంతకం పక్కన “నా హక్కులు వదులుకోకుండా, అభ్యంతరంతో” అని రాయండి. ఉద్యోగం పోయినా, మానేసినా బకాయి వేతనాలు రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ అంటోంది. లెటర్ల కోసం జీతం ఆపి బేరమాడితే అదీ ఫిర్యాదులోకి ఎక్కించండి.

ఫిర్యాదు చేసినందుకో, సాక్ష్యం చెప్పినందుకో కార్మికుడిపై కక్ష సాధిస్తే కార్మిక చట్టం దాన్ని అనుచిత కార్మిక విధానంగా చూస్తుంది. ఫిర్యాదు తేదీకి ముందు మీ రేటింగ్ ఎంత, తర్వాత ఎంత అన్నది పక్కపక్కన పెట్టి చూపించండి.

లాయరు ఖర్చు భయపెడుతుంటే 15100కు ఫోన్ చేయండి. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ప్రతి జిల్లా కోర్టు ప్రాంగణంలో ఆ సంస్థ కార్యాలయం ఉంటుంది. వెళ్లేటప్పుడు ఆఫర్ లెటర్, చివరి మూడు పే స్లిప్పులు, ఫిర్యాదు కాపీ, దాని రసీదు, తేదీలవారీగా రాసుకున్న మీ నోట్‌బుక్ పట్టుకెళ్లండి. ఫిర్యాదు ఇంకా ఇవ్వకపోయి ఉంటే, చివరి ఘటన జరిగిన తేదీని మొదటి పేజీలోనే రాసి, కూర్చోగానే దాన్ని చూపించండి.